మాయాబజార్ (1957): నటులు, వేషాలు, ఇప్పటికీ వదలని ముచ్చట్లు – తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడ, గుంటూరు, తెనాలి వైపు ఏ కాలేజీ వార్షికోత్సవానికి వెళ్లినా ఒక మాయాశశిరేఖ, అంటే పెళ్లికూతురు శశిరేఖ రూపం ఎత్తిన ఘటోత్కచుడు, తగులుతుంది. ఆ సీను కట్టాలనుకునేవాళ్లు, డాబా మీద తెర కట్టి సినిమా వేయాలనుకునేవాళ్లు, ఎవరు ఏ వేషం వేశారని ఇంట్లో పందెం కాసుకున్నవాళ్లు మాటిమాటికీ అడిగే ప్రశ్నలివి.

ఇది పౌరాణికం కదా, ప్రేమకథా హాస్యచిత్రం అంటారేంటి?

కిరీటాలు పక్కన పెట్టి చూడండి. మేనత్త కొడుకు అభిమన్యుడు, మేనమామ కూతురు శశిరేఖ. చిన్నప్పుడే పెద్దవాళ్లు మాట అనుకున్నారు. అబ్బాయివాళ్లకి ఆస్తి పోయింది, అమ్మాయి తల్లి మనసు మారింది, డబ్బున్న సంబంధం వచ్చింది. పెళ్లిపీటల మీద పెళ్లికూతురి బదులు ఇంకెవరో కూర్చున్నారు. మన వీధిలో జరిగినా ఇదే కథ.

పైగా ఇది వ్యాసభారతంలో లేదు. అక్కడ అభిమన్యుడి పెళ్లి ఉత్తరతో. శశిరేఖ కథ జనం నోట పెరిగి, ‘శశిరేఖా పరిణయం’ పేరుతో నాటకమై, 1936లో పి.వి.దాసు దర్శకత్వంలో ఒకసారి సినిమా కూడా అయింది. అందులో శశిరేఖ శాంతకుమారి. విజయా సంస్థ తీసిన ఈ 1957 సినిమాలో ఇంకో విశేషం, మూడు గంటల భారత కథలో పాండవులు ఒక్కసారైనా తెర మీదికి రారు. చాలామంది పదిసార్లు చూసి కూడా ఈ సంగతి గమనించరు.

రూపానికీ మనసుకీ ఉన్న తేడా గురించిన సినిమా అంటారు. ఎక్కడ?

కథంతా అదే. ప్రియదర్శిని పెట్టె మూత తీస్తే, చూసేవాళ్లకి ప్రాణమైనది కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడికి మాత్రం శకుని! సత్యపీఠం ఎక్కినవాడు కడుపులో ఉన్నది కక్కేస్తాడు. బజారు మాయ, భవనాలు మాయ, పెళ్లికూతురు మాయ. పైకి కనిపించేదాన్ని నమ్మినవాడల్లా నవ్వులపాలవుతాడు.

ఎవరు ఏ వేషం?

కృష్ణుడు ఎన్.టి.రామారావు, అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావు, శశిరేఖ సావిత్రి, ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు. బలరాముడు గుమ్మడి, రేవతి ఛాయాదేవి, సుభద్ర ఋష్యేంద్రమణి, రుక్మిణి సంధ్య (జయలలిత తల్లి). దుర్యోధనుడు ముక్కామల, శకుని సి.యస్.ఆర్., కర్ణుడు మిక్కిలినేని, లక్ష్మణకుమారుడు రేలంగి. హిడింబి సూర్యకాంతం. మాయాబజారు కట్టిన చిన్నమయ్య రమణారెడ్డి. శర్మ, శాస్త్రి జంటలో అల్లు రామలింగయ్య, వంగర. దారుకుడిగా కనిపించే మాధవపెద్ది సత్యమే ‘వివాహభోజనంబు’ పాడింది.

తెర వెనక: దర్శకుడు కె.వి.రెడ్డి, మాటలు పాటలు పింగళి నాగేంద్రరావు, సంగీతం ఘంటసాల (కొన్ని పాటల వరసలు సాలూరి రాజేశ్వరరావువి), ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లే, కళ గోఖలే, కళాధర్. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. విడుదల 1957 మార్చి 27.

వీళ్లలో మన జిల్లాల వాళ్లెవరు?

అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే సగం సినిమా ఇక్కడి మట్టే. సావిత్రిది తాడేపల్లి దగ్గర చిర్రావూరు, నాట్యం నేర్చింది, నాటకాలాడింది బెజవాడలో. ఎస్వీఆర్ పుట్టింది నూజివీడు. రామారావుది నిమ్మకూరు, అక్కినేనిది గుడివాడ దగ్గర రామాపురం, ఘంటసాలది అదే వైపు చౌటపల్లి. గుమ్మడిది తెనాలి దగ్గర రావికంపాడు. గోఖలే, మాధవపెద్ది సత్యం ఇద్దరిదీ బ్రాహ్మణకోడూరు. చక్రపాణిదీ తెనాలే.

నాగేశ్వరరావుని దర్శకనిర్మాత ఘంటసాల బలరామయ్య మొదట చూసింది విజయవాడ రైల్వేస్టేషన్‌లో. అంతకుముందు ఆయన రంగస్థలం మీద పేరు తెచ్చుకున్నది ఆడవేషాలతోనే. రామారావు సంగతి దీనికి తలకిందులు. విజయవాడ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ గారు నాటకంలో నాగమ్మ వేషం ఇస్తే మీసం తియ్యనని భీష్మించుకుని అలాగే వేసి, ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నారు. ఆయన తర్వాత చదివింది గుంటూరు ఏసీ కాలేజీలో.

బలరాముడు కృష్ణుడి కన్నా పెద్దవాడు. గుమ్మడి రామారావు కన్నా పెద్దవారా?

కాదు. రామారావు 1923లో, గుమ్మడి 1927లో పుట్టారు. నాలుగేళ్లు చిన్నవాడు అన్నగా నటించారు, ఎవరికీ అనుమానం రాలేదు. మీ కాలేజీలో వేషాలు పంచేటప్పుడు వయసు చూసి కాదు, గొంతు చూసి పంచండి.

తమిళంలోనూ వీళ్లేనా?

కొందరే. రామారావు, సావిత్రి, ఎస్వీఆర్ రెండింట్లోనూ ఉన్నారు. తమిళ అభిమన్యుడు జెమినీ గణేశన్, లక్ష్మణకుమారుడు తంగవేలు, శకుని నంబియార్. ఆ తమిళ సినిమా తెలుగుదానికి రెండు వారాల తర్వాత, 1957 ఏప్రిల్‌లో విడుదలైంది.

మా అమ్మాయి మాయాశశిరేఖ వేస్తోంది. చీర, నగలు, మేకప్ అన్నీ సరిపోయాయి, కానీ ఎవరూ నవ్వడం లేదు. ఎందుకు?

అన్నింటికన్నా ఎక్కువ వచ్చే ప్రశ్న ఇదే. జవాబు చీరలో లేదు, నడకలో ఉంది.

సావిత్రి చేసిన పని ఒకసారి జాగ్రత్తగా చూడండి. నగ మారలేదు, జడ మారలేదు. ముందు శశిరేఖగా ఉన్నప్పుడు అడుగు జానెడు దాటదు, చూపు నేల మీద ఉంటుంది. మాయాశశిరేఖ అయ్యాక ఉన్నట్టుండి మూరెడు అంగ వేస్తుంది, భుజాలు వెనక్కి పోతాయి, ఛాతీ ముందుకొస్తుంది, చెయ్యి లేని మీసం వైపు వెళుతుంది. అంతలో ఎవరో వస్తున్నారని గుర్తొస్తుంది. చటుక్కున తల వాలిపోతుంది, పమిట చెంగు వేలికి చుట్టుకుంటుంది. నవ్వు వచ్చేది అంగ వేసినప్పుడు కాదు, తేరుకున్నప్పుడు.

నేర్పే పద్ధతి ఇది. మొదటి నాలుగు రోజులు అమ్మాయికి చీర కట్టొద్దు. ఘటోత్కచుడి వేషం వేస్తున్న అబ్బాయి పక్కన నిలబెట్టి అతని నడక, గద పట్టే తీరు, నవ్వు యథాతథంగా చేయించండి. ఇద్దరికీ కలిపి ఒకే ఒక్క అలవాటు ఎంచుకోండి. మీసం దువ్వడం కావచ్చు, తొడ చరచడం కావచ్చు. రెండు పెడితే చూసేవాళ్లకి గుర్తుండదు. ఐదోరోజు చీర కట్టించి, అదే అలవాటు సగంలో ఆపడం నేర్పండి. చెయ్యి మీసం దాకా వెళ్లాలి, లోపల ‘ఒకటి, రెండు’ లెక్కపెట్టుకోవాలి, అప్పుడు చెంపకి వేలు ఆనించి సిగ్గుపడాలి. ఆ రెండంకెల ఖాళీ లేకపోతే జనానికి విషయం అందదు. నాలుగంకెలైతే మరిచిపోయింది కాబోలు అనుకుంటారు.

ఎక్కడ చెడుతుందంటే, సీను పొడుగునా మగరాయుడిలా తిరగడంలో. ఐదు నిమిషాల సీనులో నాలుగుసార్లు బయటపడితే చాలు, ఐదోది లక్ష్మణకుమారుడి కాలు తొక్కడానికి దాచుకోండి. రెండో తప్పు గొంతు. అమ్మాయి చేత బొంగురుగా మాట్లాడించకండి. సినిమాలో ‘అహ నా పెళ్లియంట’ సుశీల గొంతుతో సాగుతుండగా మధ్యలో ఘంటసాల గొంతు వస్తుంది. అది గొంతు మార్చడం కాదు, లోపలివాడు తలుపు తీయడం. మీరూ అక్కడ అబ్బాయి చేత తెర వెనక మైకులో పాడించండి, అమ్మాయి పెదవులు కలిపితే చాలు.

అబ్బాయి చేతే మాయాశశిరేఖ వేయిస్తే ఇంకా నవ్వొస్తుంది కదా?

రెండు నిమిషాలు వస్తుంది. చీర కట్టిన అబ్బాయిని చూసి వచ్చే నవ్వు వేరు. ఇక్కడ హాస్యం అమ్మాయి ఒంట్లో రాక్షసుడు ఇరుక్కోవడం. అమ్మాయే వెయ్యాలి.

ఘటోత్కచుడు శశిరేఖగా మారే చోట స్టేజి మీద ఏం చెయ్యాలి?

ఇద్దరు మనుషులు, ఒకే చోటు, మూడు సెకన్లు. నేల మీద రంగు టేపుతో గుణకారపు గుర్తు వేయండి. దానికి రెండు అడుగుల వెనక నల్ల తెర, మధ్యలో చీలిక. అమ్మాయి ముందే చీలిక వెనక నిలబడి ఉండాలి. అబ్బాయి గుర్తు మీద నిలబడి గద ఎత్తగానే లైట్లన్నీ ఆర్పాలి. అతను వెనక్కి ఒక అడుగు వేసి కుడి పక్కకి తప్పుకుంటాడు, ఆమె ఎడమ నుంచి ముందుకొస్తుంది. ప్రతి రిహార్సల్‌లోనూ ఎవరి వైపు వాళ్లదే, మార్చకూడదు, లేదంటే చీకట్లో కిరీటం తగిలి నుదురు చిట్లుతుంది. మూడో సెకనుకి వెలుగు. కె.వి.రెడ్డి షాట్ల నిడివిని స్టాప్‌వాచ్‌తో కొలిచేవారని పేరు, మీకు ఫోన్‌లో ఉన్నది చాలు. చీకటి ఐదు సెకన్లు దాటితే వెనక వరసల వాళ్లు ఈలలు మొదలెడతారు.

పొగ పెట్టాలనుకుంటే స్మోక్ మెషిన్‌ని ఐదారు నిమిషాల ముందే వేడెక్కనివ్వండి, రెండు సెకన్ల పాటు ఒక్కసారి వదలండి, ఆ సమయంలో స్టేజి ఫ్యాన్లు ఆపేయండి. పాత పద్ధతిలో ముఖానికి రాసే పౌడరు గుప్పెడు చల్లడం మాత్రం వద్దు. చెక్క స్టేజి మీద అది సబ్బు నీళ్లలా జారుతుంది, తర్వాత నాట్యం చెయ్యాల్సింది ఆ నేల మీదే.

చీకటి పడగానే గజ్జెల చప్పుడు వినపడితే మాయ ముందే తెలిసిపోతుంది. అమ్మాయి గజ్జెలు కట్టుకుని ఉంటే వెలుగు వచ్చేదాకా కదలకూడదు.

మావాడు బక్కపలచగా ఉంటాడు. ఎస్వీఆర్‌లా నిండుగా కనిపించేదెలా?

తలగడ కట్టొద్దు, రెండో పద్యానికి మోకాళ్ల మీదికి జారుతుంది. ఒక అంగుళం మందం ఫోమ్ షీటు కొని, కోడిగుడ్డు ఆకారంలో మూడు ముక్కలు కోయండి. పొడవు 14, 11, 8 అంగుళాలు. పెద్దది ఒంటి వైపు, చిన్నది పైన ఉండేలా కలిపి, బిగుతైన చేతుల్లేని నూలు బనియనుకి చుట్టూ కుట్టండి. అంచులు కత్తెరతో పలచన చేయకపోతే పట్టుబట్ట కింద పళ్లెం పెట్టుకున్నట్టు గీత కనిపిస్తుంది. రెండు అంగుళాల వెడల్పు బట్టపట్టీలు భుజాల మీదుగా వెనక్కి తీసుకెళ్లి అడ్డంగా కట్టాలి. భుజాలకి ఇంకో జత. భుజాలు వదిలేసి బొజ్జ మాత్రమే పెడితే రాక్షసరాజు బదులు మిఠాయికొట్టు సేటు కనిపిస్తాడు.

మార్చి, ఏప్రిల్ వార్షికోత్సవాల్లో అసలు సమస్య చెమట. ఫోమ్ కింద పలచటి నూలు తువ్వాలు ఒకటి పెట్టండి. మీసం స్పిరిట్ గమ్‌తో (వేషాలకి వాడే జిగురు) అంటించే ముందు పై పెదవి మీద నూనె, పౌడరు లేకుండా తుడిచి, గమ్ రాసి అర నిమిషం ఆరనిచ్చి, జిగురు పట్టాక మీసం పెట్టి తడిగుడ్డతో నొక్కాలి. తడిగా ఉండగానే పెడితే ‘అస్మదీయులు’ అనే లోపు ఒక పక్క వేలాడుతుంది. అద్దె కిరీటం వదులుగా ఉంటే లోపల చుట్టూ నూలుగుడ్డ మడిచి కుట్టండి. దూది పెడితే చెమటకి అణిగిపోతుంది.

లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగరడం ఫోన్‌లో తీయొచ్చా?

తేలిగ్గా. ఫోన్‌ని స్టాండుకి బిగించి, నటుడు నోట్లో లడ్డూతో మొదలై, దాన్ని పళ్లెంలోకి వదిలేలా తీసి, ఎడిటింగ్ యాప్‌లో వెనక్కి తిప్పండి. బూందీ లడ్డూ పడగానే పగులుతుంది, వెనక్కి తిప్పినప్పుడు పలుకులు ఏరుకుని లేచినట్టు కనిపిస్తుంది. కొందరికి అది నచ్చుతుంది కూడా. శుభ్రంగా రావాలంటే సున్నుండ వాడండి. వెనకాల గోడగడియారం గానీ, తిరిగే ఫ్యాను గానీ, నడిచే మనిషి గానీ ఫ్రేములో ఉండకూడదు. కనురెప్పలు కొట్టడం పట్టుబడదు, మింగడం మాత్రం పట్టుబడుతుంది.

నలుపు తెలుపు చూపించాలా, రంగులదా?

రంగులద్దిన ప్రతి 2010 జనవరి 30న వచ్చింది, పని చేసింది హైదరాబాద్ గోల్డ్‌స్టోన్ సంస్థ. గుమ్మడి దాన్ని చూశారు, విడుదలకి నాలుగు రోజుల ముందు, జనవరి 26న కన్నుమూశారు.

పిల్లలు ఎక్కువగా ఉంటే రంగులది వేయండి, కదలకుండా కూర్చుంటారు. మాట వరసకి కాదు గానీ, ‘లహిరి లహిరి’ మాత్రం నలుపు తెలుపులో చూడాలి. బార్ట్లే ఆ వెన్నెలని వెలుగు, చీకటి తప్ప ఇంకేమీ లేని చోట కట్టారు. ఆ పాటలో నిజంగా బయట నీళ్ల మీద తీసింది కొద్ది సెకన్లే, మిగతా పడవ షికారు స్టూడియోలోది. ద్వారకానగరమూ అంతే. వాహినీ స్టూడియోలో 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు స్థలంలో దాదాపు 300 బుల్లి ఇళ్లు కట్టి, లోపల దీపాలు పెట్టారు.

మా టీవీలో అందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారు. ప్రింటు పాడైందా?

ప్రింటుకి ఏం కాలేదు, టీవీ సాగదీస్తోంది. అప్పటి సినిమా కొలత దాదాపు 4:3, మీ టీవీ 16:9. తెర నిండా సాగదీస్తే మనిషి అడ్డంగా మూడోవంతు పెరుగుతాడు. రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3కి గానీ, ‘ఒరిజినల్’కి గానీ మార్చండి. రెండు పక్కలా నల్లపట్టీలు రావడమే సరైనది. ‘జూమ్’ పెట్టొద్దు, కిరీటాలూ కాళ్లూ తెగిపోతాయి. సావిత్రి అడుగు చూడాల్సిన సినిమాలో కాళ్లు తెగితే ఇంకేముంది!

అపార్ట్‌మెంట్ డాబా మీద వేయాలంటే?

8 అడుగుల వెడల్పు, 4.5 అడుగుల ఎత్తు తెర తీసుకుంటే అసలు బొమ్మ మధ్యలో 6 అడుగుల వెడల్పు వస్తుంది, యాభై మందికి సరిపోతుంది. ప్రొజెక్టర్ వెలుగు 3000 ల్యూమెన్లకి తగ్గొద్దు. పాత మోనో శబ్దం కాబట్టి స్పీకర్లు రెండూ తెర పక్కనే ఉంచండి. వెనక పెడితే మాటలు ప్రతిధ్వనిస్తాయి.

అసలు చిక్కు టైము. పూర్తి నిడివి 184 నిమిషాలు. రాత్రి పది దాటాక బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఎండాకాలంలో ఏడు దాటితే గానీ తెర మీద బొమ్మ నిలవదు, అంటే పదిలోపు ముగియదు. డిసెంబరు, జనవరిల్లో 6.30కి మొదలెట్టి పది నిమిషాల విరామం ఇచ్చినా 9.45కల్లా అయిపోతుంది. సంక్రాంతి సెలవులు ఇందుకు బంగారం. ముందుగా ఫైలు నిడివి చూసుకోండి. ఇంటర్నెట్‌లో తిరిగే కొన్ని ప్రతుల్లో పాటలు, పద్యాలు కోసేసి ఉంటాయి.

అనుమతి కావాలా?

మన కాపీరైట్ చట్టంలో సినిమాకి గడువు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957 సినిమాకి అది 2017తో ముగిసింది. రంగుల ప్రతి 2010లో చేసిన పని కాబట్టి దాన్నీ ఇదే లెక్కలో వేయకండి. మాటలకీ పాటలకీ లెక్క వేరు, రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పింగళి 1971లో పోయారు, అంటే 2031 చివరి దాకా. అయితే విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా అక్కడి విద్యార్థులు, అధ్యాపకులు నాటకంగా ఆడుకోవడానికి చట్టం మినహాయింపు ఇస్తోంది. ఔత్సాహిక సంఘాలకీ ఉంది, టికెట్టు పెట్టకపోతేనే. టికెట్టు అమ్మాలన్నా, వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాలన్నా ముందు హక్కుదారులని అడగాలి.

ఇన్నేళ్లయినా ఇంకా ఎందుకు వదల్లేదు?

2013లో భారతీయ సినిమా నూరేళ్ల సందర్భంగా సీఎన్ఎన్-ఐబీఎన్ పెట్టిన ఓటింగులో ఇదే మొదటిది. కానీ ఓట్ల కన్నా నోళ్లలో నిలిచిన మాటలు గట్టి సాక్ష్యం. వీరతాళ్లు, దుష్టచతుష్టయం, అస్మదీయులు, తస్మదీయులు, కంబళి గింబళి. వాటిని వాడేవాళ్లలో సగం మందికి అవి పింగళి చేతి మాటలని గుర్తుండదు. బెజవాడలో పెరిగిన జంధ్యాల ఈ పాటల నుంచే మూడు సినిమాలకి పేర్లు పెట్టుకున్నారు: ‘అహ నా పెళ్లంట’, ‘వివాహభోజనంబు’, ‘చూపులు కలసిన శుభవేళ’. ఈ సినిమాకి సహాయకుడిగా పని చేసిన సింగీతం శ్రీనివాసరావు తర్వాత ‘భైరవద్వీపం’ తీశారు. సావిత్రి జీవితం మీద 2018లో వచ్చిన ‘మహానటి’లో కీర్తి సురేశ్ మాయాశశిరేఖ ఘట్టాన్ని మళ్లీ చేసి చూపించింది, ఆ సినిమాకి జాతీయ ఉత్తమ నటి అయింది. మీ అమ్మాయికి చూపిస్తే మాత్రం అసలుది ముందు, ఇది తర్వాత. తిరగేస్తే అనుకరణని అనుకరిస్తుంది.

విందు సీనులో నిజం వంటలు పెట్టాలా?

కనిపించే ముందు వరసలో అట్టముక్కకి రంగేసిన గారెలు, బూరెలు చాలు. తినేవి రెండే పళ్లేల్లో పెట్టండి, నీళ్ల చెంబు పక్కనే ఉంచండి, పద్యం అందుకోవాల్సినవాడు పూర్ణం నోట్లో పెట్టుకుంటే మింగడానికి పది సెకన్లు పడుతుంది. గోంగూర మాత్రం నిజమైనదే పెట్టండి. శర్మ, శాస్త్రి దాన్ని ఆంధ్రశాకమని పొగిడే చోట గుంటూరులో ఆడుతూ ప్లాస్టిక్ ఆకు చూపిస్తే జనం ఊరుకోరు. రెండు కట్టలు చాలు, తడిగుడ్డలో చుట్టి ఉంచితే సాయంత్రం దాకా వాడవు.